620 స్టాంపులు, మూడు రకాల దెబ్బలు: ఒక కొత్త సేకరణను సర్దిన కేసు

సేకరణ వయసు రెండేళ్లు. సేకర్త హైస్కూలు విద్యార్థి. మా చేతికి వచ్చినప్పుడు అది నాలుగు చోట్ల ఉంది. ఫొటో ఆల్బమ్ జేబుల్లో వదులుగా వేసినవి 310, గీతల నోటుపుస్తకంలో అంటించినవి 84, రేకు డబ్బాలో కవరు ముక్కలతో సహా కత్తిరించి పడేసినవి 190, జిప్ సంచిలో వాడని మింట్ స్టాంపులు 36. మొత్తం 620. ఇవి కాక ఫస్ట్ డే కవర్లు (స్టాంపు విడుదలైన రోజు ముద్ర పడ్డ కవర్లు) 12 ఉన్నాయి.

సేకర్త అడిగింది ఒక్కటే: ప్రదర్శనకు బాగా కనిపించేలా ఆల్బమ్ చేయాలి. కానీ అలంకరణతో మొదలుపెట్టిన సేకరణ మూడో ఏట మళ్ళీ విప్పాల్సి వస్తుంది. అందుకే ముందు నష్టాన్ని ఆపడం, తర్వాత విడదీయడం, తర్వాత నిల్వ, చివరగా ప్రదర్శన అనే వరుసలో పని నడిచింది. ప్రతి అడుగుకూ ఒకటే పరీక్ష. ఇవాళ పెట్టినదాన్ని పదేళ్ల తర్వాత మచ్చ లేకుండా తీయగలమా? తీయలేమంటే ఆ పద్ధతి వద్దు.

మొదటి రోజు: ప్లాస్టిక్ ఏమిటో తేల్చడం

ఫొటో ఆల్బమ్ జేబులు మెత్తగా, కాస్త జిడ్డుగా ఉన్నాయి. తెరవగానే కొత్త రెయిన్‌కోటు వాసన. పీవీసీకి ఇవి రెండూ ఆనవాళ్లే. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపే నూనె లాంటి పదార్థం ఏళ్ల తరబడి మెల్లగా బయటికి వచ్చి కాగితంలోకి, సిరాలోకి దిగుతుంది. అలా దిగినదాన్ని కడిగి తీయలేం.

అనుమానం తీర్చుకోవడానికి ఇంట్లో చేయగలిగిన పరీక్ష ఉంది. ఆల్బమ్ చివరి పేజీ నుంచి గోరంత ముక్క కత్తిరించి, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపిన నీటిలో వేలితో అడుగుకు ముంచి వదలాలి. పైకి తేలితే పాలీప్రొపిలీన్ లేదా పాలిథిన్, అంటే పీవీసీ కాదు. మునిగితే మాత్రం అది పీవీసీయే అనడానికి లేదు. పాలియెస్టర్, పాలీస్టైరీన్ కూడా మునుగుతాయి, ఆ రెండూ స్టాంపులకు మంచివే. మునగడం, వాసన, జిడ్డు మూడూ కలిస్తేనే నిర్ణయం. ఇక్కడ మూడూ కలిశాయి. కాల్చిన రాగి తీగను ప్లాస్టిక్‌కు తాకించి, మళ్ళీ మంటలో పెట్టి పచ్చమంట చూసే పరీక్ష గురించి కొందరు చెబుతారు. దాని పొగ విషం, ఇంట్లో చేయకూడదు.

310 స్టాంపుల్నీ అదే రోజు బయటికి తీశాం. 301 సులువుగా వచ్చాయి. 9 మాత్రం ముఖం వైపు ప్లాస్టిక్‌కు అతుక్కుపోయాయి. ఇక్కడ తొందరపడితే బొమ్మ పై పొర ప్లాస్టిక్ మీదే ఉండిపోతుంది. స్టాంపును ప్లాస్టిక్ నుంచి లాగకూడదు. జేబు చుట్టూ కత్తిరించి, స్టాంపును బల్ల మీద చదునుగా ఉంచి, ప్లాస్టిక్‌నే వెనక్కి మడుస్తూ వెంట్రుకవాసి చొప్పున ఒలవాలి. తొమ్మిదీ వచ్చాయి, అయిదింటికి మెరుపు పోయింది.

తీసినవన్నీ రెండు వారాలు తెల్లని బ్లాటింగ్ పేపర్ల (తడి పీల్చే కాగితాల) మధ్య, పైన బరువేమీ లేకుండా ఉంచాం. దీనివల్ల దిగిన నూనె పోదు. కానీ ఏ స్టాంపులో దిగిందో తెలుస్తుంది. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే నూనె పీల్చిన చోట కాగితం అద్దంలా పారదర్శకంగా కనిపిస్తుంది. అలాంటివి 14. వాటిని విడిగా పెట్టాం, ఎందుకంటే పక్కన పెట్టిన స్టాంపుకూ అవి అంటిస్తాయి.

నీళ్లలో వేయదగ్గవి, వేయకూడనివి

కొత్త సేకర్తలు ఎక్కువ స్టాంపులు పోగొట్టుకునేది ఈ దశలోనే. అన్నింటినీ ఒకే బేసిన్‌లో వేసేస్తారు. రేకు డబ్బాలోని 190 ముక్కల్ని నీటి జోలికి పోకముందే మూడు కుప్పలు చేశాం.

మొదటిది స్వయంగా అతుక్కునే రకం, 31. వీటి అంచు పళ్ళు చిల్లులు చించినట్టు పీచుగా ఉండవు, కత్తెర వేసినట్టు నున్నగా అలలుగా ఉంటాయి. పాత వాటిలో కొన్ని నీటికి లొంగినా, ఇటీవలి వాటిలో చాలావాటి జిగురు నీటిలో కరగదు. నానబెడితే కాగితం మెత్తబడి పలచనవుతుందే తప్ప ఊడి రాదు. వీటిని కవరు ముక్కతోనే ఉంచి, చుట్టూ 3–4 మి.మీ. తెల్ల అంచు వదిలి సమంగా కత్తిరించాం. నేటి సేకర్తలకు ఇది పూర్తిగా ఆమోదయోగ్యమైన పద్ధతి.

రెండోది రంగు కవర్ల మీద ఉన్నవి, ఊదారంగు ముద్ర పడ్డవి, ఇంకుపెన్ను గీత ఉన్నవి, 22. ఎరుపు, ముదురు ఆకుపచ్చ కవర్లు నీటిలో రంగు వదులుతాయి. ఇలాంటివి చల్లని నీటిలో రెండో మూడో చొప్పున, బొమ్మ పైకి ఉండేలా తేలించాలి. అడుగున ఉన్న కవరు తడుస్తుంది, జిగురు కరుగుతుంది, స్టాంపు పక్కకు జారుతుంది. నీటికి రంగు పట్టగానే పారబోసి కొత్త నీరు పోయాలి. ఇంత చేసినా రెండింటికి అంచున గులాబీ మరక పడింది.

మిగిలిన 137 మామూలు తెల్ల కాగితం మీదివి. ఆరు విడతలుగా, విడతకు 22–23 చొప్పున, గోరువెచ్చని నీటిలో 15 నుంచి 30 నిమిషాలు. తనంతట తాను జారి వచ్చేదాకా ఆగాలి. సగం ఊడిన స్టాంపును లాగితే వెనక పలచన పడుతుంది, బొమ్మ వైపు చూస్తే తెలియదు గానీ స్టాంపు విలువ అక్కడే పోతుంది. వచ్చిన తర్వాత రెండో గిన్నెలో మంచినీటితో కడగాలి. వెనక వేలితో తాకితే జారుగా ఉందంటే జిగురు ఇంకా పోలేదని. అలాగే ఆరబెడితే అది బ్లాటింగ్ పేపర్‌కు అతుక్కుని మళ్ళీ మొదటికొస్తుంది.

ఆరబెట్టేటప్పుడు బొమ్మ కిందికి ఉండాలి, వెనక ఏమైనా జిగురు మిగిలినా గాలికి ఉంటుంది. గంట, రెండు గంటలకు చుట్టుకుపోవడం మొదలవుతుంది, భయపడక్కర్లేదు. చేతికి తడి తగలని స్థితిలో రెండు కొత్త బ్లాటింగ్ పేపర్ల మధ్య పెట్టి, పైన రెండు మూడు లావు పుస్తకాలతో రాత్రంతా ఉంచితే చదునవుతాయి. ఎండలో, ఫ్యాను కింద, ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టకూడదు.

తడి స్టాంపు కాగితం ఎంత బలహీనమో చేతికి తెలియదు. తడిగా ఉన్నప్పుడు వేళ్లతో జాగ్రత్తగా, అరచేతి ఆసరాతో ఎత్తాలి. ఆరిన తర్వాత మాత్రం వేలు తగలకూడదు, పట్టకారే. వేలిలోని చెమట, నూనె అప్పుడు కనిపించవు, ఏళ్ల తర్వాత గోధుమ మచ్చగా తేలుతాయి. పట్టకారు స్టాంపుల కోసం చేసినదే కావాలి, కొసలు పలకలా నున్నగా ఉండేది. మందుల షాపులో దొరికే దానికి లోపల గరుకు గీతలుంటాయి, అవి కాగితం మీద అచ్చుపడతాయి.

నోటుపుస్తకంలోని 84

ఇందులో రెండు రకాల అంటింపు ఉంది. 61 మామూలు నీటి జిగురుతో అంటించినవి. పేజీని స్టాంపు చుట్టూ కత్తిరించి, పైన చెప్పినట్టే నానబెట్టాం, సమయం మాత్రం గంట దాకా పట్టింది. 57 బాగా వచ్చాయి, 4 చిరిగాయి. నోటుపుస్తకం నీలి గీతల సిరా నీటిలోకి దిగుతుంది కాబట్టి వీటినీ విడిగానే చేయాలి.

మిగతా 23 సెల్లోటేపు కింద ఉన్నవి. టేపు జిగురు నీటికి కరగదు. కొన్నాళ్లకు అది కాగితంలోకి ఇంకి పసుపు, తర్వాత గోధుమ రంగు పట్టిస్తుంది, పైన పొర ఎండి ఊడిపోయినా మచ్చ ఉండిపోతుంది. ఈ మచ్చను రసాయనాలతో తీయడం కాగిత సంరక్షకులు చేయాల్సిన పని. ఈ 23 అంత అరుదైనవి కావు, ఆ ఖర్చు తగదు. కత్తిరించి విడిగా ఉంచాం. చిరిగిన స్టాంపుకు టేపు వేయడం, పేజీకి టేపుతో అంటించడం, రెండూ దాన్ని రెండోసారి పాడు చేయడమే.

జిప్ సంచిలోని మింట్ స్టాంపులు

36లో 11 ఒకదానికొకటి అతుక్కుని మూడు ముద్దలయ్యాయి. సంచి గట్టిగా మూసి ఉంది, లోపల చిక్కిన తేమకు జిగురు కరిగి, మళ్ళీ ఎండింది. వీటిని నానబెడితే విడిపోతాయి, కానీ అసలు జిగురు పోతుంది. మింట్ స్టాంపుకు జిగురే సగం విలువ.

తేమపెట్టె వాడాం. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అడుగున తడిపి పిండిన స్పాంజి, దానికి 3 సెం.మీ. పైన ప్లాస్టిక్ జల్లెడ, జల్లెడ మీద స్టాంపులు. నీరు ఎక్కడా తగలకూడదు. మూతకు పట్టిన చెమ్మ చుక్కలుగా రాలకుండా మూత లోపలి వైపు బ్లాటింగ్ పేపర్ అతికించాలి. అరగంటకోసారి తీసి, మూల దగ్గర పట్టకారుతో తాకి చూడాలి. రెండు గంటల నుంచి నాలుగు గంటల్లో 8 విడిపోయాయి. జిగురు వైపు పైకి పెట్టి, వంటకు వాడే బేకింగ్ పేపర్ మీద బరువు లేకుండా ఆరనివ్వాలి. మిగిలిన 3 మొండికేశాయి. వాటిని నానబెట్టి, జిగురు లేని మింట్‌గా నమోదు చేశాం.

ముద్ర పడింది కాబట్టి జిగురు ఉండదనుకోవడం ఇంకో పొరపాటు. కొత్తవారి కోసం అమ్మే కలగలుపు పొట్లాల్లో, మూలన నీటుగా పావు ముద్ర మాత్రమే ఉండి వెనక పూర్తి జిగురుతో కనిపించే స్టాంపులు చాలా ఉంటాయి. అవి ఉత్తరం మీద ప్రయాణం చేసినవి కావు, అమ్మకం కోసమే ముద్ర కొట్టినవి. నిల్వ విషయంలో వాటిని మింట్‌లాగే చూడాలి.

వర్గీకరణ

పాడైనవి పక్కన పెట్టాం: టేపువి 23, చిరిగినవి 4, నూనె దిగినవి 14, మొత్తం 41. మిగిలిన 579ని దేశాల వారీగా వేశాం. పేరు చదివి తెలుసుకోవడం అన్ని వేళలా కుదరదు. హెల్వేషియా అంటే స్విట్జర్లాండ్, మాగ్యార్ పోస్టా అంటే హంగరీ, సువోమి ఫిన్లాండ్, నిప్పాన్ జపాన్. దేశం పేరే లేకుండా రాజు లేదా రాణి తల మాత్రమే ఉంటే అది బ్రిటన్. 1840లో మొదటి స్టాంపు వేసిన దేశం కావడంతో ఆ ఆనవాయితీ దానికి మిగిలింది. ఈ సేకరణలో బ్రిటన్ స్టాంపులన్నీ 'తెలియనివి' అన్న కవరులో దొరికాయి.

డూప్లికేట్ అని తేల్చే ముందు పళ్ళ కొలబద్ద పెట్టి చూడాలి. 20 మి.మీ.లో ఎన్ని చిల్లులున్నాయన్నదే ఆ లెక్క. బొమ్మ, రంగు, వెల ఒకటే అయినా ఒకటి 13, ఇంకొకటి 14 అయితే అవి రెండు వేరు స్టాంపులు. ఈ పరీక్ష తర్వాత డూప్లికేట్లు 148 తేలాయి. ముఖ్య సేకరణకు 431 మిగిలాయి. నమోదుకు ఒక్క కేటలాగ్ (స్టాంపులకు నంబర్లిచ్చి అచ్చువేసే జాబితా) నంబర్లే వాడాలి. స్టాన్లీ గిబ్బన్స్, స్కాట్, మిషెల్ ఒక్కొక్కరిదీ ఒక్కో వరుస, కలిపి రాస్తే పట్టిక పనికిరాకుండా పోతుంది.

నిల్వ: స్టాక్‌బుక్ ఎంత పెద్దది?

స్టాక్‌బుక్ అంటే పట్టీల వెనక స్టాంపులు దించి ఉంచే పుస్తకం. ఏ4 సైజుదానికి పేజీకి సాధారణంగా 9 పట్టీలు ఉంటాయి. ఒక్కో పట్టీలో మామూలు సైజువి అయిదు, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పడతాయి, అంటే పేజీకి 45. కానీ నింపేయకూడదు. సేకరణ పెరుగుతుంది, వరుస మధ్యలో చోటు కావాలి. పేజీకి 30 లెక్కన 431కి 15 పేజీలు. 16 పేజీల పుస్తకం కొంటే మొదటి రోజే నిండినట్టు. అందుకే 32 పేజీలది తీసుకున్నాం. నల్ల పేజీ, పారదర్శక పట్టీలు, ప్రతి రెండు పేజీల మధ్య గ్లాసిన్ అనే నున్నని పలచని కాగితం ఉన్నది. గ్లాసిన్ లేకపోతే పుస్తకం మూసినప్పుడు ఎదురెదురు పట్టీలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని స్టాంపుల పళ్ళు వంగుతాయి.

స్టాంపును పట్టీలోకి దించేటప్పుడు పట్టకారు కొసతో పట్టీని ముందు కొంచెం తెరవాలి. నేరుగా తోస్తే కింది మూల మడత పడుతుంది. డూప్లికేట్లు దేశం పేరు పెన్సిల్‌తో రాసిన గ్లాసిన్ కవర్లలోకి వెళ్లాయి. రాయడం స్టాంపు లోపల పెట్టకముందే జరగాలి, లేకపోతే పెన్సిల్ ఒత్తిడి స్టాంపు మీద గాడి చేస్తుంది. ఫస్ట్ డే కవర్లను కత్తిరించలేదు. పన్నెండింటినీ పాలియెస్టర్ తొడుగుల్లో నిలబెట్టాం.

పుస్తకం ఉంచే బీరువా బయటి గోడకు ఆనుకుని ఉంది. తేమకొలిచే మీటరు లోపల వారం పెడితే 68 నుంచి 74 శాతం చూపింది. 65 దాటి రోజుల తరబడి నిలిస్తే బూజుకు, గోధుమ మచ్చలకు దారి తెరిచినట్టే, జిగురు కూడా అంటుకోవడం మొదలుపెడుతుంది. లోపలి గోడ దగ్గర అలమరకు మారిస్తే 52–58కి దిగింది. సగానికి కాస్త అటూ ఇటూ ఉంటే చాలు. సిలికా జెల్ పొట్లాలు వేసేవారు మీటరు లేకుండా వేయకూడదు. మరీ పొడిబారితే, 35 కన్నా దిగితే, జిగురు పగిలి స్టాంపు చుట్టుకుంటుంది. పుస్తకాలు నిలువుగా, వదులుగా ఉండాలి. పడుకోబెట్టి దొంతర పెడితే అడుగున ఉన్న మింట్ స్టాంపుల మీద భారం పడి జిగురు అంటుకుంటుంది.

అలమరలో నాఫ్తలిన్ ఉండలు ఉన్నాయి, తీయించాం. ఆ ఆవిరి పాలీస్టైరీన్‌ను మెత్తబరిచి కరిగిస్తుంది, స్టాంపును లోపల పెట్టి పేజీకి అతికించే పారదర్శక తొడుగులు కొన్ని దానితో చేసినవే. పురుగుకు మందు కన్నా శుభ్రత మేలు. సిల్వర్‌ఫిష్, బొద్దింకలు జిగురు కోసం వస్తాయి, తేమ లేకుండా శుభ్రంగా ఉంచితే తగ్గుతాయి.

ప్రదర్శన: 431లో 46

అన్నీ చూపించాలనుకోవడం సహజం. చూసేవారికి మాత్రం పదో పేజీకి అన్నీ ఒకటే అనిపిస్తాయి. పోటీ ప్రదర్శనల్లో ఒక ఫ్రేముకు ఏ4 పేజీలు 16 ఉంటాయి. ఈ సేకరణలో ఏ అంశానికీ 16 పేజీలకు సరిపడా సరుకు లేదు, సాగదీస్తే పలచనవుతుంది. రైళ్ల మీద 58 స్టాంపులు ఉన్నాయి, అదే గట్టి అంశం. ఎనిమిది పేజీలు అనుకున్నాం. మొదటిదాని మీద పేరు, ప్రణాళిక, ఒక్క స్టాంపు. మిగతా ఏడు పేజీల్లో 45 స్టాంపులు, 2 కవర్లు, ఆవిరి నుంచి డీజిల్‌కు, డీజిల్ నుంచి విద్యుత్తుకు వరుసగా. రైలింజన్ బొమ్మతో వచ్చిన తొలి స్టాంపు 1860లో న్యూ బ్రన్స్‌విక్ (ఇప్పుడు కెనడాలో భాగం) వేసింది. అది ఈ సేకరణలో లేదు, లేనిదాని ఫొటో అతికించలేదు. ఉన్నదాంతోనే కథ నడవాలి.

కాగితం ఆమ్లం లేనిది, 160 నుంచి 200 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు గ్రాములు) మధ్య. 120తో చేసిన నమూనా పేజీ తొడుగుల బరువుకు ముందుకు వంగింది. ఎడమ అంచు 30 మి.మీ., కుడి 15 పోతే 165 మి.మీ. వెడల్పు దక్కుతుంది. 40 మి.మీ. స్టాంపుకు తొడుగు 44 మి.మీ. మూడు పెడితే 132. మిగిలిన 33ని నాలుగు ఖాళీలుగా పంచితే ఒక్కోటి 8 మి.మీ. పైన. ఈ లెక్క ముందు పెన్సిల్‌తో వేసి, స్టాంపు సైజు తెల్ల కాగితం ముక్కలు పరిచి చూశాకే తొడుగు కత్తిరించాలి.

మింట్‌కు తొడుగు, వాడిన మామూలు స్టాంపుకు హింజ్, అంటే జిగురు పూసిన చిన్న కాగితపు మడత. హింజ్ మడతలో పొట్టి భాగం స్టాంపు వెనక, పై పళ్ళకు 2–3 మి.మీ. కింద అంటాలి. పొడుగు భాగం పేజీకి. రెండింటికీ కొసన మాత్రమే తడి. మింట్ జిగురు మీద హింజ్ వేయకూడదు, ఆ గుర్తు పోదు. తొడుగు ఎత్తు స్టాంపు కన్నా 2–3 మి.మీ. ఎక్కువ ఉండాలి, కత్తెర కన్నా చిన్న పేపర్ కట్టర్‌తో నేరుగా వస్తుంది. తొడుగు వెనక పై మూడో వంతుకే తడి చేయాలి. అంతా తడిపితే నీరు చీలిక గుండా లోపలికి పోయి స్టాంపు తొడుగుకే అతుక్కుంటుంది.

తప్పు ఇక్కడే జరిగింది. మూడో పేజీ రాతను ఇంక్‌జెట్‌తో ముద్రించి వెంటనే తొడుగులు అతికిస్తే తడి తగిలి అక్షరాలు పాకాయి. ఆ పేజీ మళ్ళీ చేయాల్సి వచ్చింది. తర్వాతి పేజీలకు ముద్రించి ఒక రోజు ఆరనిచ్చాం, రాతకూ తొడుగుకూ మధ్య 5 మి.మీ. ఖాళీ వదిలాం. లేజర్ ముద్రణ ఉంటే ఈ బాధే లేదు. పేజీలను పాలీప్రొపిలీన్ కవర్లలో పెట్టి డి ఆకారపు రింగుల ఫైలులో ఉంచాం. గుండ్రటి రింగుల్లో పేజీలు ఒంపు తిరుగుతాయి.

గోడకు పెట్టాలన్న కోరికకు అసలు స్టాంపులు ఇవ్వలేదు, ఒక పేజీ రంగు నకలు ఇచ్చాం. అసలువే పెట్టాలంటే ఎండ తగలని గోడ, అతినీలలోహిత కిరణాల్ని ఆపే గాజు, గాజుకూ స్టాంపుకూ మధ్య కిటికీలా కోసిన అట్టతో 3–4 మి.మీ. ఖాళీ కావాలి. రెండు మూడు నెలలకు మించి ఉంచకూడదు. అక్రిలిక్ వాడితే, తుడిచినప్పుడు పుట్టే విద్యుదావేశం హింజ్ మీదున్న స్టాంపును పైకి లాగుతుంది.

ఆరు నెలల తర్వాత

ముఖ్య పుస్తకంలో రెండు స్టాంపులు పట్టీకి అతుక్కున్నాయి. రెండూ ముద్ర ఉండి జిగురు ఉన్న పొట్లం రకమే. వాటిని వాడినవాటితో కలిపి పెట్టడం వర్గీకరణలో జారిపోయిన తప్పు. ఆ రకాన్నంతటినీ ఏరి, మింట్‌తో పాటు తొడుగుల్లోకి మార్చాం. నూనె దిగిన 14లో మచ్చ మూడింటిలో పెరిగింది, మిగతావి అలాగే ఉన్నాయి. అలమరలో తేమ 60 దాటలేదు. నెలకోసారి పుస్తకం నిలబెట్టి, పేజీలు విసనకర్రలా విప్పి పది నిమిషాలు గాలి తగలనివ్వడం సేకర్తకు అప్పగించిన పని. పుస్తకం అట్ట లోపల తేదీలు పెన్సిల్‌తో రాసి ఉన్నాయి, ఒక్క నెలా తప్పలేదు.